తుగ్యానీ రోజున ఒక చింతచెట్టు

హైదరాబాద్ చరిత్ర అనగానే మనకు రెండే బొమ్మలు చూపిస్తారు. ఒకటి వజ్రాల నిజాం, రెండోది కత్తి పట్టిన రజాకారు. ఈ రెండింటి మధ్య బతికిన మామూలు సాయిబు ఎక్కడా కనిపించడు. అతని పొరుగింటి మామూలు హిందువూ కనిపించడు. వాళ్లిద్దరూ ఒక్కచోట కనిపించే రోజొకటి ఉంది. పాతబస్తీ పెద్దలు దాన్ని తుగ్యానీ అంటారు. అంటే వరద.

1908 సెప్టెంబర్ 28. అటు రంజాన్ ఉపవాసాలు అప్పుడే మొదలయ్యాయి. ఇటు దసరా నవరాత్రులు నడుస్తున్నాయి. అనంతగిరి కొండల నుంచి వచ్చే మూసీకి ఎగువన కుండపోత కురిసింది. చెరువులు ఒకదాని వెంట ఒకటి తెగాయి. నది ఊళ్లోకొచ్చింది. మూసీ మీది వంతెనల్లో పురానాపూల్ ఒక్కటే మిగిలింది. చనిపోయినవాళ్లు 15 వేలని ఒక అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ, భార్యనీ, కూతుర్నీ కళ్లముందే పోగొట్టుకుని ఒక్కడే బయటపడ్డాడు. తర్వాత రుబాయీల కవిగా లోకానికి తెలిశాడు. ఆ రుబాయీల వెనక ఈ నీళ్లున్నాయి.

అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలో, ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఉన్నచోట, ఒక చింతచెట్టు ఉంది. ఆరోజు దాన్ని పట్టుకుని దాదాపు 150 మంది బతికారు. అంతమంది ఎవరికి వారే ఎక్కి ఉండరు. ముసలివాళ్లనీ, పసివాళ్లనీ ఎవరో పైకి లాగి ఉంటారు. లాగిన చెయ్యి ఎవరిది? పట్టుకున్న చెయ్యి ఎవరిది? ఏ పుస్తకంలోనూ రాయలేదు.

రాజు సంగతి మాత్రం రాశారు. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా మహళ్ల తలుపులు తెరిపించాడు, అన్నం పెట్టించాడు. మూసీకి చీరా, పసుపుకుంకుమా సమర్పించాడని కథగా చెప్పుకుంటారు. తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన సలహాతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. ఆ నీళ్లు ఊరంతా తాగింది.

ఇదంతా మంచిదే. కానీ రాజు దయ చూపించి రాజరికాన్ని మాఫీ చెయ్యలేం. రజాకార్ల పాపం మా తాతల నెత్తిన రుద్దడం ఎంత తప్పో, నిజాం పుణ్యం మా ఖాతాలో వేసుకోవడమూ అంతే తప్పు. మా తాతలు నిజాములు కారు. రజాకార్లూ కారు. జట్కా తోలారు, దూది ఏకారు, గాజులమ్మారు. వరదొస్తే అందరిలాగే మునిగారు. చెయ్యి అందితే పట్టుకున్నారు, అందించగలిగితే అందించారు.

ఇప్పుడు ఎక్కడ వరదొచ్చినా, భూకంపమొచ్చినా మావాళ్లు అన్నం పొట్లాలు పంచితే, 'చూశారా, ముస్లింలు కూడా సాయం చేశారు' అని రాస్తారు. మెచ్చుకోలే, కాదనం. కానీ ఆ 'కూడా' గుచ్చుకుంటుంది. పక్కింటివాడు మునుగుతుంటే చెయ్యి అందించడం మా దేశభక్తికి సర్టిఫికెట్టు కాదు. పొరుగువాడు పస్తుండగా కడుపునిండా తినేవాడు మోమిన్ కాడని మాకు చిన్నప్పుడే నేర్పారు. ఆ పొరుగువాడి మతం మాత్రం చెప్పలేదు.

చింతచెట్టూ అడగలేదు. ఎక్కినవాళ్ల బరువు మోసింది, అంతే. వందేళ్లు దాటాక కూడా జనం దాన్ని గుర్తుపెట్టుకున్నారు. ఆ కొమ్మ మీద పక్కపక్కన కూర్చుని తెల్లవార్లూ వణికినవాళ్ల మనవళ్లం మనం. మన చరిత్రను అక్కణ్నుంచి కూడా మొదలుపెట్టి రాసుకోవచ్చు.