పాత జీపు, మారిన యింజను



ఏజెన్సీ కొండదారుల్లోనూ, మెట్ట గ్రామాల్లోనూ పాత జీపులు యింకా తిరుగుతూనే వున్నాయి. ఐతే బండి పుట్టినప్పుడు వున్న యింజనే యిప్పటికీ వున్న జీపులు తక్కువ. పెట్రోలు యింజను తీసేసి డీజిలు పెట్టినవే యెక్కువగా కనిపిస్తాయి. "పాతదాన్ని బాగు చేయించమంటారా, వేరే యింజను వేయించమంటారా?" అని రైతులు మమ్మల్ని అడుగుతూ వుంటారు. మెకానిక్కు చెప్పే ధర ఒక్కటే చూసి దీనికి జవాబు చెప్పకూడదు. ఈ బండికి యింజన్లు మార్చడం నిన్న మొన్న మొదలైన పని కాదు. దాన్ని తయారు చేసినవాళ్ళే మొదటినుంచీ మారుస్తూ వచ్చారు. వాళ్ళు యేమేమి మార్చారో, ఒకటి మార్చినప్పుడు దానితోపాటు యింకేమి మార్చవలసి వచ్చిందో చూస్తే, మన డబ్బు యెక్కడ పెట్టాలో మనకే తెలుస్తుంది.

జీపు అమెరికాలో, టోలెడో పట్టణంలోని విల్లీస్ ఓవర్లాండ్ కంపెనీలో పెరిగింది. 1938లో డెల్మార్ రూస్ అనే యింజనీరు ఆ కంపెనీలో చేరాడు. అప్పటికి వాళ్ళ కారుకు వున్న నాలుగు సిలిండర్ల యింజను 2,199 సి.సి.ది. అది యిచ్చే శక్తి 48 హార్సు పవరు మాత్రమే. రూస్ దాన్ని పారేసి కొత్త యింజను గీయలేదు. వున్నదాన్నే భాగం భాగంగా చూశాడు. పిస్టన్లు తేలికైన అల్యూమినియంవి వేశాడు, ఫ్లైవీలు బరువు తగ్గించాడు, బేరింగులు గట్టిపరిచాడు. అదే కొలతల యింజను నిమిషానికి 4,000 చుట్లు తిరిగి 60 హార్సు పవరు యిచ్చింది. 1941 నుంచి సైన్యపు జీపును నడిపింది ఈ యింజనే. అంటే జీపు చరిత్రకు మొదటి మెట్టు యింజను మార్చడం కాదు. పాతదాన్ని శ్రద్ధగా బాగు చేయడం.

రెండో మెట్టు 1945లో పడింది. యుద్ధం ముగుస్తున్న ఆ రోజుల్లో కంపెనీ రైతులను మనసులో పెట్టుకొని సి.జె.-2ఎ అనే జీపును తెచ్చింది. పనిముట్లు తిప్పుకోడానికి పవర్ టేకాఫ్ కూడా అమర్చుకొనే వీలు కల్పించింది. గమనించండి, యింజను మాత్రం దాదాపు పాతదే. మారినవి గేరుబాక్సూ, ఆక్సిలు పళ్ళ నిష్పత్తీ. సైన్యపు జీపులో టాప్ గేరులో చక్రం ఒక చుట్టు తిరగాలంటే యింజను 4.88 చుట్లు తిరగాలి. రైతు జీపులో దాన్ని 5.38 చేశారు. వేగం కొంచెం తగ్గింది, లాగుడు పెరిగింది. పొలం పనికి కావలసింది లాగుడే గదా!

మూడో మెట్టు 1953 నాటిది. సి.జె.-3బి జీపుకు హరికేన్ అనే యింజను వేశారు. దాని యిన్లెట్ వాల్వులు పైన హెడ్డులోకి వచ్చాయి. ఎగ్జాస్టు వాల్వులు పాత పద్ధతిలోనే కింద బ్లాకులో వుండిపోయాయి. శక్తి 70 హార్సు పవరు దాటింది. కాని యింజను యెత్తు పెరిగింది, పాత బానెట్టు కింద పట్టలేదు. అందుకే బానెట్టు యెత్తు పెంచారు. మన దేశంలో యెక్కువమందికి తెలిసిన "యెత్తు ముక్కు" జీపు అలా పుట్టింది.

మన దేశంలో మహీంద్రా కంపెనీ 1947లో విడిభాగాలుగా జీపులు తెప్పించి, తరువాత బొంబాయిలో వాటిని బిగించడం మొదలుపెట్టింది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం ప్రారంభమయాక బ్లాకు ఆఫీసులకు జీపులు వచ్చాయి. 1959లో మన రాష్ట్రంలో పంచాయతీ సమితులు యేర్పడ్డాయి. విత్తన సంచులూ, కరపత్రాలూ, సినిమా ప్రొజెక్టరూ పల్లెకు చేర్చిన బండి జీపే. మా విస్తరణ శాఖకు అది రెండు కాళ్ళవంటిది.

తరువాత 1973 అక్టోబరులో పశ్చిమాసియా యుద్ధం వచ్చింది. కొద్ది నెలల్లోనే ముడిచమురు ధర సుమారు నాలుగు రెట్లయింది. పెట్రోలు జీపును పోషించడం భారమైపోయింది. అప్పుడు కంపెనీ చూపు ట్రాక్టరు యింజను మీద పడింది. 1963లో ఇంటర్నేషనల్ హార్వెస్టర్, వోల్టాస్ కంపెనీలతో కలిసి మహీంద్రా ట్రాక్టర్ల సంస్థను పెట్టింది. మన రైతులు యెరిగిన బి-275 ట్రాక్టరు దానిదే. ఆ యింజను వంశానికి చెందిన 2,350 సి.సి. డీజిలు యింజను జీపుకు వచ్చింది. 1979లో ఫ్రాన్సు దేశపు ప్యూజో కంపెనీనుంచి లైసెన్సు తీసుకొని, 2,112 సి.సి. డీజిలును యిక్కడే తయారు చేసుకొనే యేర్పాటు జరిగింది.

కంపెనీ చేసిన పనిని మన పట్నాల మెకానిక్కులు చూశారు. విజయవాడ ఆటోనగర్ వంటి చోట్ల లేతు మిషను, వెల్డింగు, పాత సామాను అంగళ్ళు పక్కపక్కనే వుంటాయి. అటువంటిచోట పాత పెట్రోలు జీపుకు డీజిలు యింజను బిగించడం మంచి వృత్తిగా నిలిచింది. ఆ పనివాళ్ళ నేర్పును తక్కువ చెయ్యడానికి వీల్లేదు. ఐతే కొందరు యింజను యెక్కించి చేతులు దులుపుకొంటారు. చిక్కు వచ్చేది అక్కడే.

ఒక లెక్క చూద్దాం. రైతు జీపు 6.00-16 టైరు చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు. పెట్రోలు యింజను 4,000 చుట్లు తిరిగితే, 5.38 నిష్పత్తి మీద బండి లెక్కప్రకారం గంటకు 98 కిలోమీటర్లు పోతుంది. ట్రాక్టరులో పనిచేసే డీజిలు సుమారు 2,000 చుట్లే తిరుగుతుంది. దాన్ని తెచ్చి అదే ఆక్సిలుకు కలిపితే సుమారు 49 కిలోమీటర్లే పోతుంది. కొండమీద బరువు లాగడానికి అది చాలు. రోడ్డు ప్రయాణానికి చాలదు. అప్పుడు డ్రైవరు గవర్నరును సవరించి పరుగెత్తించబోతాడు. క్రాంకు షాఫ్టు ప్రాణం మీదికి వస్తుంది. దున్నపోతునూ కోడెగిత్తనూ ఒకే కాడికి కడితే నాగలి తిన్నగా నడుస్తుందా?

యింకా చూడవలసినవి వున్నాయి. పెట్రోలు యింజను గాలిని ఆరున్నర రెట్లు నొక్కితే, డీజిలు పదహారు నుంచి యిరవై రెండు రెట్లు నొక్కుతుంది. దాన్ని తిప్పి స్టార్టు చేయడం పాత 6 వోల్టుల బ్యాటరీకి తరం కాదు. 12 వోల్టుల బ్యాటరీ, పెద్ద సెల్ఫ్ కావాలి. పాత జీపు వైపరు యింజను పీల్పుడుతో ఆడేది. డీజిలుకు ఆ పీల్పుడు వుండదు; వానలో వైపరు ఆగిపోతుంది. కరెంటు వైపరు పెట్టించాలి. యింజనును గేరుబాక్సుకు కలిపే అడాప్టరు ప్లేటులో వెంట్రుకవాసి తేడా వున్నా, క్లచ్చి ప్లేటూ బేరింగూ త్వరగా పోతాయి. యింజను పొడుగైతే గేరుబాక్సు వెనక్కి జరుగుతుంది. ముందు వెనక చక్రాల మధ్య 80 అంగుళాలే వున్న బండిలో వెనక ప్రొపెల్లరు షాఫ్టు పొట్టిదై, జాయింట్లు వంపు పడి అరిగిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం బ్రేకు. పాత జీపు బ్రేకు డ్రమ్ములు 9 అంగుళాలవి. బరువైన యింజను, దాని అండ చూసి యెక్కించే అదనపు జనం, ఘాటు రోడ్డు దిగుడు, యీ మూడూ కలిస్తే ఆ డ్రమ్ములు వేడెక్కి పట్టు వదులుతాయి. యెక్కేటప్పుడు యింజను చాలకపోతే బండి ఆగుతుంది, అంతే. దిగేటప్పుడు బ్రేకు చాలకపోతే మనుషులు పోతారు.

అందుకని ముందు చేయవలసిన పని పరీక్ష. ఒక్కొక్క సిలిండరు కంప్రెషను గేజితో కొలిపించండి. తక్కువ వచ్చినచోట ఒక చెంచా యింజనాయిలు పోసి మళ్ళీ కొలవండి. అంకె పెరిగితే రింగులో, బోరో అరిగినట్టు. పెరగకపోతే వాల్వులు కూర్చోవడం లేదన్నమాట, లేదా హెడ్ గ్యాస్కెట్టు లీకు. వాల్వులు గ్రైండు చేయిస్తే పోయే జబ్బుకు యింజనే మార్చడం దండగ. బోరు అరిగితే అంగుళంలో వెయ్యో వంతులు 10, 20, 30 చొప్పున పెంచి ఓవర్ సైజు పిస్టన్లు వేయవచ్చు.

మార్చక తప్పదంటే, అదే వంశపు బండినుంచి యింజను, గేరుబాక్సు, రేడియేటరు, మౌంటింగులు మొత్తం ఒకే జతగా తీసుకోండి. బ్రేకులూ వాటితోపాటే పెంచండి. డబ్బు లెక్క కూడా కొత్తగా వేయండి. 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగింది. పెట్రోలుకూ దానికీ వెనకటంత తేడా లేదు. బండి నెలకు యెన్ని కిలోమీటర్లు తిరుగుతుందో రాసుకొంటే, పెట్టిన ఖర్చు యెన్నేళ్ళకు తిరిగివస్తుందో తేలుతుంది. సంతకూ పొలానికీ మాత్రమే తిరిగే బండికి అది రాకపోవచ్చు.

చివరగా కాగితాల మాట. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను యిటువంటి మార్పులకు హద్దులు పెట్టింది. ముందుగా రవాణా శాఖ ఆఫీసులో అడిగి అనుమతి రాతమూలకంగా తీసుకోండి. సి. బుక్కులో ఒక యింజను నంబరు, బండిలో వేరొక నంబరు వుంటే, ప్రమాదం జరిగిన రోజున భీమా పరిహారం చిక్కులో పడుతుంది.

విస్తరణ మిత్రులు ఈ విషయాలు రైతులకు చెప్పి, మెకానిక్కు దగ్గరకు వెళ్ళేముందే లెక్క కట్టించాలని కోరుతున్నాను.