వైనరీ సందర్శన: రుచి చూడటానికీ ఓ మర్యాద ఉంది

తెలుగునాట ‘వైన్స్’ అన్న బోర్డు ఉన్న దుకాణంలో దొరికేవి చాలావరకు బీరు, బ్రాందీ, విస్కీలే. ద్రాక్షరసాన్ని పులియబెట్టి తయారుచేసే అసలైన వైన్‌తో ఆ పేరుకు సంబంధం అంతంతమాత్రమే. అందువల్లనే షిర్డీ, త్ర్యంబకేశ్వరం యాత్రకు వెళ్లి, దగ్గరే కదా అని నాసిక్ వైనరీలలో అడుగుపెట్టే తెలుగువారిలో పలువురికి అక్కడి పద్ధతులు కొత్తగా తోస్తాయి. గ్లాసులో రెండు మూడు గుక్కలు మాత్రమే పోయడం, నోట్లోకి తీసుకున్నదాన్ని ఉమ్మివేయడానికి పాత్ర ఉంచడం చూసి విస్తుపోతారు. వైనరీ బార్ కాదు. అక్కడికి వెళ్లేది మత్తు కోసం కాదు, పంట రుచిగా మారే తీరును తెలుసుకోవడానికి. ఈ తేడా తెలిసి వెళ్తే సందర్శన ఆహ్లాదకరంగానూ, క్షేమంగానూ ముగుస్తుంది.

నాసిక్ ప్రత్యేకత

సముద్రమట్టానికి సుమారు 600 మీటర్ల ఎత్తున ఉన్న నాసిక్ ప్రాంతంలో పగటి ఎండ, శీతాకాలపు రాత్రుల చలి ద్రాక్షకు అనుకూలిస్తాయి. మొదటినుంచీ ఇక్కడ పండించేది ఎక్కువగా తినే ద్రాక్షే. రాజీవ్ సామంత్ 1999లో నెలకొల్పిన సులా వైన్‌యార్డ్స్ తర్వాత వైన్ ద్రాక్ష సాగు ఊపందుకుంది. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వం ద్రాక్ష శుద్ధి పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించడంతో మరిన్ని వైనరీలు వెలిశాయి. 2005లో సులా సందర్శకుల కోసం రుచి చూసే గదిని ప్రారంభించింది. నేడు గంగాపూర్ జలాశయ పరిసరాల్లోనూ, దిండోరి వైపూ ఇటువంటి ఏర్పాట్లున్న వైనరీలు ఉన్నాయి.

ఒకప్పుడు హైదరాబాద్ పరిసరాలకు పేరు తెచ్చిన అనాబ్-ఎ-షాహీ వంటి ద్రాక్ష తినడానికి ఉద్దేశించినది. వైన్ ద్రాక్ష గింజ చిన్నది, తోలు మందం, లోపల విత్తనాలుంటాయి. షెనిన్ బ్లాంక్, సావిన్యాన్ బ్లాంక్ రకాలతో తెల్ల వైన్, షిరాజ్, కాబెర్నే సావిన్యాన్ వంటి రకాలతో ఎర్ర వైన్ తయారవుతాయి. రసాన్ని వేరుచేసి పులియబెడితే తెల్ల వైన్, తోలుతో కలిపి పులియబెడితే ఎర్ర వైన్ వస్తుంది.

ఎప్పుడు వెళ్లాలి

దక్కన్‌లో ద్రాక్షకు ఏటా రెండుసార్లు, ఏప్రిల్‌లోనూ అక్టోబర్‌లోనూ, కొమ్మ కత్తిరింపులు చేసి ఒకే పంట తీస్తారు. కోత జనవరి నుంచి మార్చి వరకు సాగుతుంది. తోట, తయారీ రెండూ చూడగోరేవారికి అదే అనువైన కాలం. అయితే ఆ రోజుల్లో, ముఖ్యంగా వారాంతాల్లో, రద్దీ అధికం. సందర్శన వేళను ముందుగానే ఖరారు చేసుకోవడం ఉత్తమం. జనవరి 26, ఆగస్టు 15, అక్టోబర్ 2 వంటి మద్యం అమ్మరాని రోజుల్లో రుచి చూపించరు.

తెలంగాణ నుంచి వెళ్లేవారికి నిజామాబాద్, నాందేడ్, మన్మాడ్ మీదుగా సాగే దేవగిరి ఎక్స్‌ప్రెస్ నాసిక్ రోడ్ స్టేషన్‌లో ఆగుతుంది. షిర్డీ నుంచి నాసిక్‌కు రోడ్డు దూరం సుమారు 90 కిలోమీటర్లు. దైవదర్శనాలు ముగిసిన మరునాడు వైనరీకి కేటాయించుకుంటే, వెంట వచ్చిన పెద్దల మనసుకు కష్టం కలగదు. ఆలయానికి వెళ్లవలసి ఉండగా వైన్ రుచి చూసి రావడం ఏ విధంగానూ తగదు.

బయలుదేరే ముందు

వయసును నిర్ధారించే గుర్తింపు పత్రం తప్పనిసరిగా వెంట ఉండాలి. మహారాష్ట్రలో మద్యం వ్యవహారాలకు 1949 నాటి మద్యనిషేధ చట్టమే నేటికీ ఆధారం. వయోపరిమితి, అనుమతి పత్రాల నిబంధనలను వేళ ఖరారు చేసుకునేటప్పుడే అడిగి తెలుసుకోవాలి.

ఖాళీ కడుపుతో వెళ్లకూడదు. అలాగని ఘాటైన కారం తిన్న వెంటనే వెళ్తే నాలుకకు సున్నితమైన రుచులు అందవు. పాన్, గుట్కా, సిగరెట్ల సంగతీ అంతే. వైన్‌ను గుర్తించడంలో ముక్కుదే ప్రధాన పాత్ర. అందుచేత గాఢమైన అత్తరు, సెంటు, తలనిండా మల్లెలు ఆ ఒక్కరోజుకు మానుకోవడం మంచిది. వాటి పరిమళం పక్కవారికీ ఆటంకమే.

తోటలోనూ, కర్మాగారంలోనూ

తోటలోని ద్రాక్ష రైతు పంట. అడగకుండా కోయరాదు. తెగుళ్ల మందులు చల్లి ఉండవచ్చు కనుక నోట్లో వేసుకోవడం ప్రమాదకరం కూడా. ఫొటోలకు ముందుగా అనుమతి తీసుకోవాలి. రసం పులిసేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా బరువైనది. అది గాలి ఆడని చోట పేరుకుంటే ప్రాణాపాయం. ట్యాంకుల్లోకి తొంగిచూడకుండా, పిల్లలను చేయి విడవకుండా, వెంట ఉన్న సిబ్బంది చెప్పిన దారిలోనే నడవాలి.

రుచి చూసే క్రమం

సాధారణంగా మొదట బుడగల వైన్, ఆపై తెల్లవి, గులాబీ రంగువి, ఎర్రవి, చివరన తీపి వైన్ ఇస్తారు. గ్లాసును గిన్నె భాగం వద్ద కాక కాడ వద్ద పట్టుకోవాలి. అరచేతి వేడి తగిలితే చల్లని వైన్ రుచి మారుతుంది. ముందు రంగు చూసి, గ్లాసును మెల్లగా తిప్పి, వాసన పీల్చి, ఆ తర్వాతే చిన్న గుక్క తీసుకుని నోరంతా తగిలేలా క్షణకాలం ఉంచాలి.

చెప్పడానికి విదేశీ మాటలు వెతుక్కోనక్కర లేదు. తెల్ల వైన్‌లో నిమ్మ, జామ, పచ్చి క్యాప్సికం వాసనలు, షిరాజ్‌లో మిరియాల ఘాటు తోచవచ్చు. ఎర్ర వైన్ నాలుకను పట్టేసే గుణానికి నేరేడు తిన్నవారికి తెలిసిన ‘వగరు’ అన్న మాటే సరిపోతుంది. తోచినది తోచినట్లు చెప్పడంలో తప్పులేదు. అడిగి తెలుసుకోవడంలో చిన్నతనమూ లేదు.

రుచి చూశాక అక్కడి పాత్రలో ఉమ్మివేయడం అవమానం కాదు. వృత్తి నిపుణులు పాటించే పద్ధతే అది. గ్లాసులో మిగిలినదాన్నీ అందులోనే పారబోయవచ్చు. ఒక్కో వైన్ మధ్య మంచినీళ్లు తాగాలి. నచ్చినదాన్ని మళ్లీ మళ్లీ పోయమని అడగడం, గట్టిగా కేకలు వేయడం, సిబ్బందితో చనువు తీసుకోవడం మర్యాద అనిపించుకోవు. సీసా కొని తీరాలన్న నిర్బంధమూ లేదు.

బలవంతం వద్దు

‘కంపెనీ కోసం ఒక్క గుక్క’ అని తోటివారిని ఒత్తిడి చేయడం అన్నిటికన్నా పెద్ద అమర్యాద. తాగనివారు తోట, తయారీ చూసి రావచ్చు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ వ్యాధి ఉన్నవారు, మద్యం మానుకున్నవారు రుచి సైతం చూడరాదు. మధుమేహం మందులో, మెట్రోనిడజోల్ వంటి మాత్రలో వాడుతున్నవారు వైద్యుణ్ని అడగనిదే ముట్టరాదు. వైన్‌లో కలిపే సల్ఫైట్లు కొందరు ఉబ్బస రోగులకు పడవు. వైన్ ఆరోగ్యానికి మంచిదన్న ప్రచారాన్ని నమ్మి అలవాటు చేసుకోవడం తగదు. ఏ కొద్దిపాటి మద్యమూ పూర్తిగా సురక్షితం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

తిరుగు ప్రయాణం

చిన్న గుక్కలే కదా అన్న ధీమా ప్రమాదకరం. ఒక్కొక్కటి 30 మిల్లీలీటర్ల చొప్పున ఐదు రకాలు మింగితే 150 మిల్లీలీటర్లు అవుతుంది. 13 శాతం ఆల్కహాల్ ఉన్న వైన్ అయితే, 45 మిల్లీలీటర్ల విస్కీలో ఉండేదానికి అది దాదాపు సమానం. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉండగా వాహనం నడపడం మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ ప్రకారం నేరం. 2019 సవరణ మేరకు తొలిసారి పట్టుబడితే ఆరు నెలల వరకు జైలు, రూ.10 వేల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. అందుకే బయలుదేరే ముందే ఒక చుక్కైనా ముట్టని డ్రైవర్‌ను నిర్ణయించుకోవాలి, లేదా అద్దె వాహనం మాట్లాడుకోవాలి.

సీసాలు కొని రాష్ట్రం దాటించేవారు స్వరాష్ట్ర ఎక్సైజ్ నిబంధనలను ముందే తెలుసుకోవాలి. బిల్లు ఉన్నంత మాత్రాన సరిపోదు. నిబంధనలకు విరుద్ధమైతే సరిహద్దు తనిఖీల్లో స్వాధీనం చేసుకోవడమే కాక కేసు కూడా నమోదు కావచ్చు.