పలకల ఊరికి వచ్చిన ఆటల లాప్‌టాప్

ఈ మధ్య మా ఇంటికి కొత్త లాప్‌టాప్ వచ్చింది. మామూలుది కాదు, కంప్యూటరు ఆటల కోసమే ప్రత్యేకంగా చేసినది. పద్యాలు టైపు చేసుకొనే విశ్రాంత తెలుగు పండితునికి అదెందుకయ్యా అంటే, ఎంపిక మనవడిది, సొమ్ము నాది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే.

బరువు రెండున్నర కిలోల దాకా ఉంది. ఛార్జరు చిన్న ఇటుకంత. మీటల క్రింద రంగురంగుల దీపాలు. తెర సెకనుకు 144 మార్లు బొమ్మను మారుస్తుందట. నాకు మాత్రం ఒత్తులు, కొమ్ములు స్ఫుటంగా కనబడడమే ఘనంగా తోచింది. మనవడు కార్ల పందెం మొదలుపెట్టగానే లోపలి పంకాలు తేనెతుట్టె కదిపినట్లు హోరెత్తాయి, అడుగుభాగం పెనంలా కాగింది. "ఒళ్ళో పెట్టుకోకు తాతయ్యా, కాలుతుంది" అన్నాడు. పేరేమో ఒడి కంప్యూటరు!

మూసి బల్ల మీద పెడితే నల్లగా, నలుచదరంగా ఉన్న ఆ వస్తువు మార్కాపురం వాడికి ఏమని తోచాలి? పలక అనే. ఈ పోలిక ఆకారంతో ఆగిపోదు. 1972లో అమెరికాలోని జిరాక్స్ వారి పాలో ఆల్టో పరిశోధనాలయంలో అలన్ కే అనే శాస్త్రజ్ఞుడు, పిల్లలు చేత పట్టుకొని తిరగగల కంప్యూటరును ఊహించి ఒక పత్రం వ్రాశాడు. దానికి డైనాబుక్ అని పేరు పెట్టాడు. ఆ పత్రం ఆరంభంలోనే ఇద్దరు పిల్లలు పచ్చికలో పడుకొని వాటి మీద స్పేస్‌వార్ అనే ఆట ఆడుతుంటారు. అంటే లాప్‌టాప్ వస్తువుగా పుట్టకముందే దాని ఊహ పసివాడి పలకగా, ఆటవస్తువుగా పుట్టింది. ఆ లెక్కన మనవడి పక్షమే మూలానికి దగ్గర.

ఇక మా పలక సంగతి. ఈ ప్రాంతపు పలకరాళ్ళను విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలలపై వెలువరించిన గ్రంథంలో కంభం పేరుతోనే వర్గీకరించాడు. అప్పటికి మనం కర్నూలు జిల్లా వాళ్ళం. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు 1970లో గాని ఇటు రాలేదు. పొరలుగా చీలడం ఈ రాతి గుణం. గని నుండి తెచ్చిన బండకు ఉలి ఆనించి సుత్తితో తట్టితే పుస్తకంలో పుట వలె విడివడుతుంది. కొలతకు కోసి, నునుపు చేసి, చెక్క చట్రం బిగిస్తే పలక. దానికి దొండాకు పసరు, బొగ్గు రుద్ది నిగనిగలాడించడం పిల్లల వంతు.

అయితే పలకలు తయారుచేసిన చేతులలో పిల్లల చేతులూ ఉండేవి. 1987 నాటి జాతీయ బాలకార్మిక విధానం క్రింద దేశంలో తొలివిడతగా చేపట్టిన ప్రాంతాలలో, శివకాశి అగ్గిపెట్టెలతో, ఫిరోజాబాద్ గాజుతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ కూడా ఉంది. ఊరి పేరు అలా కూడా దేశమంతటా తెలిసింది. ఒక బిడ్డ అక్షరాలు దిద్దే పలకను బడికి రాని మరొక బిడ్డ నున్నగా చేసేది. ఆ రాతి దుమ్ములో ఉన్న సిలికా ఊపిరితిత్తులకు చేటు. హాజరుపట్టీలో పేరు ఉండి బడిలో మనిషి లేకపోవడం అంటే ఏమిటో ఇక్కడి ఉపాధ్యాయులకు వేరే చెప్పనక్కరలేదు.

తరువాత రేకు పలకలు, ప్లాస్టిక్ పలకలు, నోటుపుస్తకాలు వచ్చాయి. మన రాయి గోడలకు, నేలకు పరిచే బిళ్ళలుగా మారి ఓడలెక్కింది.

లాప్‌టాప్ బ్యాటరీలలో వాడే కోబాల్టులో అధికభాగం ఆఫ్రికాలోని కాంగో గనులది. అక్కడ చేతులతో త్రవ్వే గనులలో పిల్లలు పనిచేస్తున్నారని ఆమ్నెస్టీ సంస్థ 2016లో నివేదిక వెలువరించింది. నా లాప్‌టాప్‌తో వచ్చిన పుస్తకంలో మీటల దీపాల రంగులు మార్చడమెలాగో వివరంగా ఉంది, కోబాల్టు ఊసు లేదు. మా పలకల చట్రాల మీద కూడా రాయి చీల్చినవాని పేరు ఉండేది కాదు.

మీలో ఎవరింటనైనా పాత మార్కాపురం పలక మిగిలి ఉంటే దాని కొలత, రాతి రంగు, ఎక్కడ కొన్నదీ తెలియజేయ ప్రార్థన. ఆ వివరాలు ఒకచోట చేర్చాలని ఉంది.