మహాకూర్పాసం, మా మనవడి చొక్కా



పోయిన సంక్రాంతికి మా మనవడు బెంగుళూరు నుంచి రామసముద్రం వచ్చాడు. వాడు బస్సు దిగి వీధిలో నడిచి వస్తూంటే అరుగుల మీద కూర్చున్న పెద్దవాళ్ళంతా మాటలాపి చూశారు. చొక్కా భుజాలు మోచేతుల దగ్గరికి జారి ఉన్నాయి. చేతులు వేళ్ళు దాటిపోయాయి. అంచు మోకాళ్ళను తాకుతోంది. ప్యాంటు సంగతి చెప్పనే అక్కరలేదు, ఒక్కో కాలిలో ఇద్దరు దూరవచ్చు.

మా వారు చూసి, "ఏందబ్బోడా ఇది? శెనక్కాయల మూట విప్పి తొడుక్కోనొచ్చినావా?" అన్నారు.

"కాదు తాతా, ఇది డిజైనర్ చేసింది. కావాలనే ఇట్ల కుట్టినారు" అన్నాడు వాడు.

"కావాలనే చెడగొట్టినారా!" అని ఈయన పెద్దగా నవ్వారు. ఎదురింటివాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు? మరునాటి నుంచి వాడు ఆ చొక్కా తొడగలేదు. ఉన్న నాలుగు రోజులూ మా వారి పాత అంగీలోనే తిరిగాడు. వాడు వెళ్ళిపోయిన తర్వాత నాకు మనసు చివుక్కుమంది. ఎందుకంటే, 1970లలో మా పెళ్ళయిన కొత్తలో ఈయన మదనపల్లెలో కుట్టించుకున్న బెల్‌బాటం ప్యాంటు నాకింకా గుర్తుంది. సినిమా హీరోలందరూ అప్పట్లో అవే వేసేవారు. దాన్ని చూసి మా మామగారు, "వీధి ఊడ్చేదానికి మనిషిని పెట్టే పని లేదులే" అన్నారు. ఈయన రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. ఆ ఫోటో ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉంది!

మగవాళ్ళ వదులు బట్టలను చూసి లోకం నవ్వడం కొత్తది కాదు. మన తెలుగులో దానికి సుమారు ఆరు వందల ఏళ్ళ చరిత్ర ఉంది. ఈ రోజు ఆ ముచ్చట మీతో చెప్పుకుందామని వచ్చాను.

కవిసార్వభౌముడు శ్రీనాథుడి పేరు వినని వాళ్ళుండరు. కొండవీటి రెడ్డిరాజు పెదకోమటి వేమారెడ్డి దగ్గర విద్యాధికారిగా ఉన్నవాడు. కొండవీటి రాజ్యం పోయాక కర్ణాట రాజ్యానికి, అంటే విజయనగరానికి, వెళ్ళాడు. అప్పుడక్కడ రెండవ దేవరాయలు ఏలుతున్నాడు. ప్రౌఢదేవరాయలు అని మనవాళ్ళు పిలుచుకునేది ఈయననే. గౌడడిండిమభట్టును వాదంలో ఓడించి, రాజు చేత కనకాభిషేకం చేయించుకున్నాడని ప్రసిద్ధి. అయితే ఆ గౌరవం దక్కకముందు రాజదర్శనం కోసం అక్కడ చాలా రోజులు పడిగాపులు పడవలసి వచ్చింది. అప్పటి విసుగుతో చెప్పాడంటూ ఒక చాటుపద్యం జనం నోట నిలిచిపోయింది. నెత్తిన కుళ్ళాయి పెట్టుకున్నానని, మహాకూర్పాసం తొడిగానని, వెల్లుల్లి, నువ్వుల పిండి తిన్నానని, అంబలి తాగానని అందులో ఏకరువు పెట్టి, ఇక దయ చూడమని కర్ణాట రాజ్యలక్ష్మిని వేడుకుంటాడు.

కుళ్ళాయి అంటే పొడుగాటి టోపీ. కూర్పాసం అంటే కుట్టిన అంగీ. మహాకూర్పాసం అంటే బాగా పెద్ద అంగీ అన్నమాట. ఇంకో చమత్కారం చూడండి. సంస్కృతంలో కూర్పాసానికి ఆడవాళ్ళ రవిక అనే అర్థం కూడా ఉంది. అంటే కవిగారు తనకు పెద్ద రవిక తొడిగించారని ఎకసెక్కం ఆడాడేమో కూడా! పంచె కట్టి, పైన ఉత్తరీయం వేసుకుని తిరిగిన మనిషికి ఆ కుట్టుబట్ట గోనెసంచిలాగానే తోచి ఉంటుంది.

మరి విజయనగరం వాళ్ళు అటువంటి అంగీలు ఎందుకు వేసేవారు? దాన్ని వాళ్ళు కబాయి అనేవారు. ఆ మాట అరబ్బీ 'కబా' నుంచి వచ్చింది. కుళ్ళాయి పారసీక 'కులాహ్' నుంచి వచ్చింది. ఆ కాలంలో పారసీక దేశం మొదలు దక్కను సుల్తానుల కొలువుల దాకా పెద్దమనిషి అంటే నిలువుటంగీ, పొడుగు టోపీ. విజయనగర రాజులు సుల్తానులతో యుద్ధాలూ చేశారు, రాయబారాలూ నడిపారు, గుర్రాల వ్యాపారమూ చేశారు. 'హిందూరాయ సురత్రాణ' అని బిరుదు కూడా పెట్టుకున్నారు. సురత్రాణుడంటే సుల్తానే. పదిమందిలో కూర్చోవాలంటే ఆ పదిమంది వేసే బట్ట వేయాలి గదా! 1443లో పారసీక రాయబారి అబ్దుర్ రజాక్ విజయనగరం వచ్చినప్పుడు ఇదే దేవరాయలు జైతూనీ శాటిన్ అంగీ తొడిగి, మెడలో ముత్యాల హారంతో కొలువుతీరి ఉన్నాడట. తరువాత వచ్చిన ఇటలీ యాత్రికుడు వర్తెమా, రాజు టోపీ రెండు జానల పొడుగు బంగారు జరీ పనిదని రాశాడు. ఆయనే మామూలు జనం నడుముకు ఒక గుడ్డ తప్ప ఏమీ లేకుండా తిరుగుతారని కూడా రాశాడు.

అంటే ఒంటి మీద ఎంత గుడ్డ ఉంటే అంత అధికారం అన్నమాట.

ఆ అంగీలు ఎట్లా ఉండేవో చూడాలంటే మనం దూరం పోనక్కరలేదు. హిందూపురం దగ్గర లేపాక్షి ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో విరుపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి. అక్కడ మండపం కప్పు మీది చిత్తరువులు చూడండి. మగవాళ్ళు తెల్లటి పొడుగు కబాయిలు తొడిగి, కోసుగా నిలబడే కుళ్ళాయిలు పెట్టుకుని వరుసగా నిలబడి ఉంటారు. మనమంతా ఆ పక్కనున్న ఆడవాళ్ళ చీరల అంచులు చూసి మురిసిపోయి, మగవాళ్ళను వదిలేస్తాం.

తిరుమలలో మహాద్వారం దాటగానే ఇద్దరు దేవేరులతో చేతులు జోడించి నిలబడిన కృష్ణదేవరాయల రాగి విగ్రహాన్ని మీలో చాలామంది చూసే ఉంటారు. ఈసారి పోయినప్పుడు ఒక్క నిమిషం ఆగి గమనించండి. తలమీద పొడుగు కుళ్ళాయి ఉంది. కానీ ఒంటి మీద కబాయి లేదు. పంచె, నగలు, అంతే. కొలువులో సుల్తానుల వేషం, దేవుడి ముందర తాతల నాటి వేషం. ఒకే మనిషి రెండు చోట్ల రెండు రకాల బట్ట కట్టాడు. ఎక్కడ ఏది తొడగాలో ఎంచుకోవడం రాజు చేతిలో ఉంది. శ్రీనాథుడి చేతిలో లేదు. ఆయన బాధ అదీ.

రామసముద్రం వాళ్ళకు ఈ కథ పరాయిది కాదు. మా ఊరు దాటితే కోలారు సీమ, అక్కడే ముళబాగిలు. విజయనగరం వాళ్ళకు అది ఒక రాజ్యానికి ముఖ్యపట్టణం. మొదటి బుక్కరాయల కొడుకు కంపరాయలు అక్కడి నుంచే పాలించాడు. ఆయన మధురను గెలిచిన కథను సంస్కృత కావ్యంగా రాసింది ఆయన భార్య గంగాదేవి. ఇప్పటికీ మా వైపు ఒకే ఇంట్లో తెలుగూ కన్నడమూ కలిసే నడుస్తాయి. కర్ణాట దేశపు తిండి, బట్ట శ్రీనాథుడికి వింతయింది గానీ మాకు కాలేదు. అంబలి, నువ్వుల పొడి, వెల్లుల్లి లేకపోతే మాకు పూటే గడవదు!

ఇక లోకంలోని సంగతులు రెండు చెప్తాను. అమెరికాలో 1940లలో మెక్సికన్ కుటుంబాల పిల్లలు, నల్లవాళ్ళ పిల్లలు 'జూట్ సూట్' అని వేసేవారు. మోకాళ్ళ దాకా కోటు, పెద్ద భుజాలు, చీలమండల దగ్గర మాత్రమే బిగిసే బుడగ ప్యాంటు. యుద్ధ సమయం గనుక 1942లో ప్రభుత్వం ఉన్ని వాడకం మీద ఆంక్షలు పెట్టింది. ఇంత గుడ్డ తొడిగేవాడు దేశద్రోహి అన్నారు. 1943 జూన్‌లో లాస్ ఏంజెలిస్ నగరంలో నావికులూ సైనికులూ గుంపులుగా వచ్చి, ఆ పిల్లలను సినిమా హాళ్ళ నుంచి, ట్రాముల నుంచి ఈడ్చి, కొట్టి, నడివీధిలో బట్టలు ఊడదీశారు. పోలీసులు ఎక్కువగా పట్టుకుపోయింది దెబ్బలు తిన్నవాళ్ళనే. చొక్కా వెడల్పు మీద వచ్చిన కోపమా అది? కాదు. ఆ పిల్లలు తలెత్తి నడవడం మీద వచ్చిన కోపం.

రెండోది పారిస్ సంగతి. 1981లో జపాన్ నుంచి రేయి కవకుబో, యోజి యమమోటో అనే ఇద్దరు డిజైనర్లు అక్కడికి పోయి నల్లటి, వదులైన, ఒంటి ఆకారమే తెలియని బట్టలు చూపించారు. అణుబాంబు తర్వాత మిగిలిన మనుషుల చింకిపాతల్లా ఉన్నాయని కొందరు పత్రికలవాళ్ళు రాశారు. బాంబు పడిన దేశం నుంచి వచ్చినవాళ్ళతో ఆ మాట అనవచ్చునా? అదే కవకుబో బట్టలతో 2017లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియం పెద్ద ప్రదర్శన పెట్టింది. మా మనవడి చొక్కా కూడా ఆ తోవలోదేనని వాడే చెప్పాడు.

మన దగ్గరికే వద్దాం. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ మదనపల్లె వచ్చి బిసెంట్ థియోసాఫికల్ కాలేజీలో ఉన్నారు. జనగణమనను ఇంగ్లీషు చేసింది అక్కడే. ఆయన ఫోటోల్లో కనిపించే అంగీ ఎంత వదులో మీకు తెలుసు. దాన్ని ఎవరైనా గోనెసంచి అన్నారా? పటం కట్టి బడి గోడకు తగిలించుకున్నాం. అదే కాలంలో మన పల్లెల్లో కొన్ని కులాలవాళ్ళు పెద్ద రైతు ఇంటి ముందర పోతే భుజం మీది గుడ్డ తీసి నడుముకు చుట్టుకోవాలి, చెప్పులు చేత పట్టుకోవాలి. వాళ్ళకు ఒక్క కండువాయే ఎక్కువ గుడ్డ అయింది!

ఇంతవరకూ మగవాళ్ళ కథే చెప్పాను. ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

నేను హైస్కూల్లో చదివేటప్పుడు ఆ చాటుపద్యం ఇంట్లో గట్టిగా వల్లె వేస్తున్నాను. మా మేనత్త వంటింట్లో ఉంది. పద్నాలుగేళ్ళకే భర్త పోయి మా ఇంటికి వచ్చి చేరిన మనిషి. తెల్లచీర తప్ప వేరొకటి కట్టి ఎరగదు. రవిక తొడగలేదు. పండక్కి ఇంట్లో అందరికీ బట్టలు తెచ్చేవారు, ఆమెకు అదే ముతక తెల్లచీర. "ఏందే ఆ పద్యం?" అని అడిగింది. నేను అర్థం చెప్పాను. ఆ పద్యంలో ఇంకో ముక్క ఉంది, ఇందాక నేను కావాలనే దాటేశాను. ఆ తిండి ఒక విధవ వడ్డించగా తిన్నానని కవి అంటాడు. తన అగచాట్లలో అదీ ఒకటి. పెద్ద అంగీ, వెల్లుల్లి, విధవ చేతి వడ్డన, అన్నీ ఒకే వరస!

మా అత్త కాసేపు గరిటె తిప్పుతూ ఊరుకుంది. తర్వాత, "ఆ వడ్డించిన ఆమె ఏం కట్టుకోనుండెనో రాసినాడా?" అంది.

"లేదత్తా" అన్నాను.

"రాయడులే. ఆయన అంగీ విప్పి ఊరికి పోయుంటాడు. ఆమె యాడికి పోతుంది?" అంది.

అప్పుడు నాకు అర్థం కాలేదు. మా అత్త 1980లలో పోయింది, ఆ తెల్లచీరతోనే. విధవా వివాహాల చట్టం 1856లోనే వచ్చింది. రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881లో. ఇవన్నీ బడిలో చదువుకున్న దాన్నే. ఆమెకు ఒక రంగు రవిక కుట్టించి ఇవ్వాలని మాలో ఒక్కరికీ తోచలేదు. తోచినా, వీధివాళ్ళు నవ్వుతారని భయం.

అందుకే ఇప్పుడు బట్టలు చూసి నవ్వబోయేటప్పుడు ఆ మాట గుర్తుకొస్తుంది. సరదాగా నవ్వుకోవడం వేరు. శ్రీనాథుడు తన వేషం చూసి తానే నవ్వుకున్నాడు, కాబట్టి అది ఇన్నాళ్ళు నిలిచింది. ఎదుటివాడు తలదించుకుని బట్ట మార్చుకునేటట్టు నవ్వడం వేరు. ఆ రెండో నవ్వు ఇళ్ళలో ముందు మగపిల్లల చొక్కా మీద మొదలై, ఆడపిల్ల చున్నీ మీదికి, మొగుడు పోయిన ఆమె బొట్టు మీదికి పోతుంది. ఇది నేను చూసిన సంగతే చెప్తున్నాను.

మా మనవడు చొక్కాను మా ఇంట్లోనే మరచి పోయాడు. ఉతికి దండెం మీద ఆరేశాను. గుడ్డ మంచి నూలు, కుట్టు గట్టిది, చంకల కింద గాలి ఆడేటట్టు కత్తిరించారు. మా ఎండలకు పనికొచ్చే చొక్కాయే. మా వారు అటూ ఇటూ చూసి, ఎవరూ లేరనుకుని ఒకసారి తొడిగి చూసుకున్నారు. నేను కిటికీలోంచి చూశాను గానీ నవ్వలేదు.

ఉగాదికి రమ్మని వాడికి ఫోన్ చేశాను. "ఆ చొక్కాతోనే వీధిలోకి రా నాయనా, తాత ఏమీ అనడులే" అని చెప్పాను.

సెలవు.