వెయ్యి ల్యూమెన్లు, నలభై డిగ్రీల రాత్రి

చేతిలో పట్టుకునే విద్యుద్దీపానికి శతాబ్దం పైబడిన చరిత్ర ఉన్నా, దాని వెలుగును ఎలా కొలవాలన్న విషయంలో తయారీదారులకు ఒక ఉమ్మడి పద్ధతి అమెరికాలో ఏర్పడింది మాత్రం 2009లోనే. రియాద్‌లోని బత్హా బజారులోనో, జెడ్డాలోని బలద్‌లోనో, ఏ వస్తువైనా రెండు మూడు రియాళ్లకు దొరికే ‘అబూ రియాలైన్’ దుకాణాల్లోనో తెలుగు కార్మికులు కొనే చవక ఎల్ఈడీ టార్చిలైట్లలో చాలావాటికి ఆ పద్ధతితో నేటికీ సంబంధం లేదు. డబ్బా మీద అచ్చయిన అంకెకూ, అద్దంలోంచి నిజంగా బయటికి వచ్చే వెలుగుకూ పొంతన ఎందుకు ఉండదో తెలియాలంటే, ఈ దీపం నడిచివచ్చిన దారిని కొంత వెనక్కి వెళ్లి చూడాలి.

న్యూయార్క్‌లో స్థిరపడిన డేవిడ్ మిసెల్ అనే ఆంగ్లేయునికి 1899 జనవరి 10న గొట్టం ఆకారపు దీపం మీద పేటెంటు లభించింది. కాన్రాడ్ హ్యూబర్ట్ నడిపిన సంస్థ దాన్ని తయారుచేసి అమ్మింది. ఎవరెడీ అన్న పేరు అక్కడి నుంచే వచ్చింది. ఆనాటి కర్బన తీగ బల్బు లాగే కరెంటును జింకు, కర్బనాలతో చేసిన పొడి సెల్లులు నిలకడగా ఇవ్వలేకపోయేవి కనుక, దీపాన్ని కొన్ని క్షణాలు వెలిగించి, సెల్లు కోలుకునే దాకా ఆర్పి ఉంచడం తప్పనిసరి అయ్యేది. తరువాత టంగ్‌స్టన్ తీగ వచ్చి ఈ ఇబ్బందిని చాలావరకు తీర్చింది.

భారతదేశంలో ఎవరెడీ కంపెనీ 1934లో కలకత్తాలో ఏర్పడి, కాలక్రమంలో యూనియన్ కార్బైడ్ ఇండియాగా మారింది. 1984 డిసెంబరులో భోపాల్‌లో విషవాయువు వెలువడిన కర్మాగారమూ, దేశమంతటా పల్లెల్లో వెలిగిన ఎర్ర సెల్లూ ఒకే యాజమాన్యం కిందివన్న సంగతి టార్చిలైటు చరిత్ర రాసేవారు దాటవేయదగినది కాదు. తెలుగునాట నెల్లూరులో తయారైన నిప్పో సెల్లులు దానికి గట్టి పోటీ ఇచ్చాయి. రెండు సెల్లుల లైటు, మూడు సెల్లుల లైటు అని లెక్కపెట్టి చెప్పుకున్న ఆ కాలంలో, 2.5 వోల్టుల చిన్న బల్బు ఇచ్చే మొత్తం వెలుగు పది ల్యూమెన్లకు మించేది కాదు. దీపం నుంచి అన్ని దిక్కులకూ వెలువడే కాంతి మొత్తానికి ల్యూమెన్ ప్రమాణం. వెలుగు మందగించినప్పుడు సెల్లులను తీసి ఎండలో పెట్టడం ప్రతి ఇంటా ఉన్న అలవాటే. వేడికి లోపలి రసాయనిక చర్య కాస్త చురుకై, అయిపోయిందనుకున్న సెల్లు మరో రాత్రికి పనికివచ్చేది. రాత్రి కరెంటు కోసం బావి దగ్గరికి వెళ్లి మోటారు వేసే రైతుకు గట్టు మీద పాము కనబడితే చాలు. అంతకుమించిన వెలుగు అతనికి అక్కరలేదు.

1970ల చమురు ధరల పెరుగుదల తరువాత కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుంచి గల్ఫ్ దేశాలకు సాగిన వలస, ఈ అలవాట్లన్నిటినీ మరో వాతావరణంలోకి తీసుకువెళ్లింది. ఎడారి అంచున గొర్రెలనూ ఒంటెలనూ కాసేవారికి తేళ్ల నుంచీ, ఇసుకలో ఒళ్లు దాచుకుని కొమ్ముల్లాంటి పొలుసులు మాత్రమే పైకి కనిపించే రక్తపింజరి జాతి పాము నుంచీ కాపాడేది చేతిలోని దీపమే. సౌదీ ప్రభుత్వం జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పనిని నిషేధించడంతో, వేసవిలో ఆరుబయటి పనులు చాలావరకు తెల్లవారుజాముకో రాత్రికో జరిగాయి. దీపం అవసరం ఆ మేరకు పెరిగింది.

ఆ అవసరాన్ని తీర్చిన సాధనం జపాన్ నుంచి వచ్చింది. నిచియా సంస్థలో పనిచేసిన షూజీ నకమురా 1993లో ప్రకాశవంతమైన నీలి ఎల్ఈడీని వెలువరించగా, దానిపై పసుపు కాంతినిచ్చే పొడిని పూసి తెల్లని వెలుగును రాబట్టే పద్ధతి 1996 నాటికి అంగడికి వచ్చింది. నకమురాకు అకసాకి, అమానో అనే పరిశోధకులతో కలిపి 2014లో నోబెల్ బహుమతి దక్కింది. అటుపిమ్మట అమెరికా సంస్థ క్రీ విడుదల చేసిన ఎక్స్ఎం-ఎల్ అనే ఎల్ఈడీ, 3 ఆంపియర్ల కరెంటు వద్ద 1000 ల్యూమెన్లు ఇవ్వగలదన్న ప్రకటనతో చవక టార్చిలైట్ల స్వరూపాన్నే మార్చివేసింది. చైనా కార్ఖానాలు దాన్నీ, దాని నకళ్లనూ అల్యూమినియం గొట్టాల్లో బిగించి ప్రపంచమంతటికీ పంపాయి. డబ్బాల మీద నేటికీ కనిపించే ‘టీ6’ అన్న గుర్తు ఆ ఎల్ఈడీ తరగతిని తెలిపేదే. 700 మిల్లీఆంపియర్ల వద్ద కనీసం 280 ల్యూమెన్లు వస్తాయని మాత్రమే దాని అర్థం. టార్చిలైటు మొత్తానికి అది యోగ్యతాపత్రం కాదు.

2009 నాటి అమెరికా ప్రమాణం మూడు విషయాలను తేల్చింది. వెలుగును, స్విచ్చి నొక్కిన క్షణంలో కాక, కనీసం అర నిమిషం గడిచాక కొలవాలి. ఆ వెలుగు పదో వంతుకు పడిపోయే దాకా పట్టే కాలాన్నే దీపం వెలిగే కాలంగా చెప్పాలి. నిర్మలమైన రాత్రి పున్నమి వెన్నెలతో సమానమైన 0.25 లక్స్ కాంతి ఎంత దూరం చేరుతుందో అంతే దాని దూరం. కిరణం నడుమ 10,000 క్యాండెలాల తీవ్రత ఉంటే అది 200 మీటర్లవుతుంది. వెన్నెలంత వెలుగులో 200 మీటర్ల అవతల ఉన్నది ఒంటెయో బండరాయో పోల్చుకోవడం కష్టం కనుక, ఈ దూరంలో సగాన్నే నమ్మదగినదిగా తీసుకోవడం మంచిది.

ఈ మూడింటిలో మొదటిదే సౌదీ వేసవిలో అన్నిటికన్నా బరువైనది. ఎల్ఈడీకి అందే విద్యుత్తులో ఎక్కువ భాగం వెలుగు కాదు, వేడి అవుతుంది. ఆ వేడి ఎల్ఈడీ కింది రాగి పలకలోంచి అల్యూమినియం గొట్టంలోకి, అక్కడి నుంచి గాలిలోకి పోవాలి. గొట్టం 60 డిగ్రీల దగ్గర ఉన్నదనుకుంటే, 25 డిగ్రీల హైదరాబాదు రాత్రిలో గాలికీ దానికీ మధ్య 35 డిగ్రీల తేడా ఉంటుంది. 40 డిగ్రీల దగ్గర నిలిచిన రియాద్ వేసవి రాత్రిలో ఆ తేడా 20 మాత్రమే. అంటే అదే దీపం అక్కడ వదిలించుకోగల వేడి దాదాపు సగానికి పడిపోతుంది. కాస్త శ్రద్ధతో చేసిన టార్చిలైటులోని సర్క్యూటు ఈ సంగతిని పసిగట్టి కొద్ది నిమిషాల్లోనే కరెంటును తగ్గిస్తుంది. మరీ చవకదానిలో ఆ ఏర్పాటు ఉండదు, రాగి పలకకు బదులు జిగురు ఉంటుంది, ఎల్ఈడీ నీలిరంగుకు తిరిగి క్రమంగా చస్తుంది. వెలిగించిన ఐదు నిమిషాలకు గొట్టం తల వెచ్చబడకపోతే సంతోషించవలసిన పని లేదు: లోపలి వేడి బయటికి రావడం లేదనో, అసలు వెలుగే తక్కువనో అర్థం.

రెండో పరీక్ష సెల్లుది. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉండే 18650 రకం లిథియం సెల్లులో, ఎంత మేలిరకమైనా, 3,500 మిల్లీఆంపియర్ గంటలకు అటూ ఇటూగా మాత్రమే విద్యుత్తు పడుతుంది. అయినా 9,900 అని ముద్రించిన సెల్లులు బజారులో కుప్పలుగా ఉంటాయి. అసలు సెల్లు 45 గ్రాములకు పైగా తూగుతుంది. చిన్న సెల్లును లోపల దాచి, మిగిలిన ఖాళీని పొడితో నింపిన నకిలీ అరచేతిలో పెట్టుకోగానే తేలిపోతుంది. నిజమైన సెల్లులో ఉండేది సుమారు 12 వాట్ గంటలు. వెయ్యి ల్యూమెన్లకు కావలసింది సుమారు 10 వాట్లు. కనుక పూర్తి వెలుగుతో గంటకు పెద్దగా మించి వెలగడం ఒంటి సెల్లు దీపానికి సాధ్యం కాదు. ‘వెయ్యి ల్యూమెన్లు, ఎనిమిది గంటలు’ అన్న రాతను భాగహారం వచ్చిన పిల్లవాడైనా కొట్టివేయగలడు. పల్లెలో పొడి సెల్లుకు ప్రాణం పోసిన ఎండ ఈ సెల్లుకు శత్రువు: 45 డిగ్రీలు దాటాక దీన్ని చార్జింగు పెట్టకూడదు, కారు అద్దాల వెనుక వదిలితే దాని ఆయుష్షు తరిగిపోతుంది. 2010 జూన్‌లో జెడ్డా నీడలోనే 52 డిగ్రీలు చూసింది.

ఇసుక విషయం కొనేవారు అరుదుగా అడుగుతారు. ‘ఐపీఎక్స్8’ అన్న గుర్తు నీటిని తట్టుకోవడాన్ని మాత్రమే చెబుతుంది. అందులోని ఎక్స్ అక్షరం దుమ్ము పరీక్ష ఫలితాన్ని ప్రకటించలేదనడానికి గుర్తు. నెలల తరబడి వాన చుక్క పడని చోట అవసరమైన సమాచారం సరిగ్గా అక్కడే లోపిస్తుంది. మరలో ఇసుక కిరకిరలాడితే తుడిచి, రబ్బరు చుట్టకు పలుచగా గ్రీజు రాయడం తప్ప మరో మార్గం లేదు.

జుబైల్, యాన్బు వంటి పారిశ్రామిక నగరాల్లో షట్‌డౌన్ పనులకు, అంటే ప్లాంటును ఆపి చేసే మరమ్మతులకు వెళ్లే ఫిట్టర్లకు ఈ లెక్కలేవీ వర్తించవు. ట్యాంకుల్లోకి దిగేచోట మండే వాయువు మిగిలి ఉండవచ్చు కనుక, స్విచ్చిలోని రవ్వ గానీ సెల్లు వేడి గానీ దాన్ని అంటించలేవని పరీక్షించి ధ్రువీకరించిన దీపాలనే అక్కడ అనుమతిస్తారు. ఆ ముద్ర ఉన్న దీపం చాలాసార్లు రెండు వందల ల్యూమెన్లే ఇస్తుంది, ధర మాత్రం అనేక రెట్లు. బత్హాలో కొన్న వెయ్యి ల్యూమెన్ల లైటును జేబులో పెట్టుకుని గేటు దాటడం పని పోగొట్టుకునేంత తప్పు.

సెలవుకు ఇంటికి వచ్చేటప్పుడు మరో నియమం ఎదురవుతుంది. విడి లిథియం సెల్లులను విమానంలో పెద్ద పెట్టెలో వేయనివ్వరు. కొనలు ఒకదానికొకటి తగలకుండా చుట్టి చేతిసంచిలో తేవాలి. శంషాబాద్‌లో దిగాక జగిత్యాలకో సిరిసిల్లకో చేరే ఆ లైటు చేసే పని మళ్లీ పొలం గట్టు మీదే. అక్కడ రెండు వందల మీటర్లు దూసుకుపోయే సన్నని కిరణం కన్నా, నునుపు అద్దానికి బదులు నారింజ తొక్కలా గరుకుగా ఉన్న ప్రతిఫలకంతో కాళ్ల ముందు పది మీటర్ల మేర వెలుగు పరిచే దీపమే మోటారు దగ్గరికి వెళ్లే మనిషికి ఎక్కువ అక్కరకు వస్తుంది. దాన్ని నడిమి వెలుగులో పెట్టుకుంటే ఒక్క చార్జింగుతో నాలుగైదు రాత్రులు గడుస్తాయి.