లాగ్ పుస్తకం, జముకు: రేడియో సాహస నాటకంలో కథ చెప్పే గొంతు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రెండేళ్ళకు, 1947 జులైలో, అమెరికా రేడియోలో రెండు సాహస నాటక ధారావాహికలు కొద్దిరోజుల తేడాతో మొదలయ్యాయి. మ్యూచువల్ సంస్థ ప్రసారం చేసిన 'ది వాయేజ్ ఆఫ్ ది స్కార్లెట్ క్వీన్' మరుసటి ఫిబ్రవరికే ఆగిపోయింది. సీబీఎస్ వారి 'ఎస్కేప్' మాత్రం వేళలు మారుతూ, చాలాకాలం ప్రకటనదారు లేకుండానే, 1954 సెప్టెంబరు దాకా నడిచింది. ఉత్తరాంధ్ర కథనకళల గురించి ఆలోచించేవారికి ఈ రెండింటితో పనేమిటన్న ప్రశ్న సహజం. శ్రోతకు కనబడని ప్రమాదాన్ని వినిపించడమెలా అన్న చిక్కు ఆ రేడియో రచయితలదీ, మన కథకులదీ కూడా. దాన్ని విప్పిన తీరులో మాత్రం తేడా ఉంది.

స్కార్లెట్ క్వీన్ పసిఫిక్ రేవుల్లో తిరిగే తెరచాప ఓడ. ప్రతి భాగమూ కెప్టెన్ ఫిలిప్ కార్నీ లాగ్ పుస్తకం చదవడంతో మొదలవుతుంది: ఓడ ఎక్కడుంది, గాలి ఎలా ఉంది, ఆకాశం ఎలా ఉంది. ఆ పాత్రకు గొంతునిచ్చింది ఇలియట్ లూయిస్. రంగస్థలం మీద తెర ఎత్తి చూపించేదాన్ని రచయితలు గిల్ డౌడ్, రాబర్ట్ టాల్మన్ ఆ నాలుగు ముక్కల్లోనే కట్టేశారు. 'ఎస్కేప్' 1949లో ప్రసారం చేసిన 'త్రీ స్కెలిటన్ కీ' అంతకన్నా ఇరుకైన చోట జరుగుతుంది. సముద్రం మధ్య దీపస్తంభం, అందులో ముగ్గురు కాపలాదారులు, కొట్టుకొచ్చిన ఓడలోంచి స్తంభం మీదికి దండెత్తే ఎలుకలు. ఆ ముగ్గురిలో ఒకడే కథ చెబుతాడు. సంభాషణ తక్కువ, కథనం ఎక్కువ. పాత్రలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం కన్నా ఒక మనిషి మన చెవిలో చెబుతున్నట్టు ఉండడమే ఈ నాటకాల ఆయువుపట్టు.

తెలుగు రేడియో నాటకం దారి వేరు. 1938 జూన్‌లో మద్రాసు కేంద్రం ప్రారంభమైన కొత్తల్లోనే ముద్దుకృష్ణ 'అనార్కలి' ప్రసారమైంది. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం వచ్చింది. ఉత్తరాంధ్రకు దగ్గరి కేంద్రం విశాఖపట్నంలో 1963లో గానీ ఏర్పడలేదు. ఈలోగా, ఆ తరవాత కూడా, శ్రోతల నోట నిలిచిపోయినవి 'కన్యాశుల్కం', 'వరవిక్రయం', 'గణపతి' వంటివి. వీటిలో రెండు రంగస్థలానికి రాసినవి, ఒకటి నవల. మూడూ వీధి అరుగుల మీదా ఇంటి గదుల్లోనూ మాటకారితనంతో నడిచేవే. 'కన్యాశుల్కం' 1892లో తొలిసారి ఆడింది విజయనగరంలోనే కాబట్టి, రేడియోకు సంభాషణను సరఫరా చేసిన ఘనతలో ఈ ప్రాంతానికి పెద్ద వాటాయే ఉంది. అయితే అందులోని గిరీశం మాటను గంటసేపు వినగలం గానీ తుఫానులో చిక్కిన పడవను సంభాషణతో నడపలేం. 'అదిగో, కెరటం వస్తోంది!' అని ఒక పాత్ర అరిస్తే నాటకం అక్కడికక్కడే తేలిపోతుంది.

ఇంతకీ కథ చెప్పే గొంతు ఉత్తరాంధ్ర జిల్లాల్లో లేకనా? జముకుల కథ ఉంది. గుండ్రటి పాత్రకు ఒకవైపు తోలు బిగించి, దాని మధ్యలోంచి నరం లాగి, ఆ నరాన్ని మీటుతూ వాయించేది జముకు. నరం బిగువు మారితే నాదమూ మారుతుంది. కథకుడు చెబుతూ పాడుతూ పోతాడు, వంతవాళ్ళు అందుకుంటారు. ఈ కళ దాదాపు చెవి మీదే ఆధారపడింది. నా దృష్టిలో తెలుగు సాహస నాటకానికి సహజమైన పూర్వరూపం సురభి నాటక సమాజం తెరల్లో కాక ఇక్కడే ఉంది.

అయినా జముకు కథకుణ్ణి కార్నీతో సమానం చేయడం తొందరపాటే అవుతుంది. కార్నీ తన కథ తానే చెబుతాడు. వచ్చేవారం మళ్ళీ లాగ్ చదవాలి కాబట్టి ఈవారం చావకూడదు. అతను బతికి బయటపడతాడని శ్రోతకు ముందే తెలుసు, ఎలా బయటపడతాడన్నదే ఉత్కంఠ. మన కథకుడు కథలో పాత్ర కాదు. అందుకే వీరుణ్ణి నిశ్చింతగా చంపగలడు. బొబ్బిలి కథే చూడండి. 1757 జనవరి 24న ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల ముందు బొబ్బిలి కోట కూలింది. రాజాంలో ఉన్న బొబ్బిలి వీరుడు తాండ్ర పాపయ్య యుద్ధానికి అందలేదు. తరవాత ఒక రాత్రి బుస్సీ పక్షాన ఉన్న విజయనగరం రాజు విజయరామరాజు గుడారంలో చొరబడి ఆయనను పొడిచి, తానూ ప్రాణం విడిచాడు. చీకటి, అడుగుల చప్పుడు, కావలివాడి దగ్గు: రేడియోకు ఇంతకన్నా తగిన ఘట్టం దొరకదు. కాని దీన్ని పాపయ్య నోట చెప్పించలేం. అతని అంతం అందరికీ తెలుసు, తెలిసే వింటారు. ఇక్కడ ఉత్కంఠ కన్నా శోకం బలమైనది. అమెరికన్ పద్ధతిని యథాతథంగా దించితే ఈ కథ పాడవుతుంది.

అదే పద్ధతి మరో కథకు చక్కగా అమరుతుంది. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరతరాలుగా కూలికి రంగూన్ వెళ్ళినవారున్నారు. 1942 మార్చిలో జపాను సైన్యం ఆ నగరాన్ని పట్టుకునేముందూ ఆ తరవాతా లక్షలాది భారతీయులు బర్మా విడిచారు. అరకాన్ దారినీ మణిపూర్ కొండలనూ చాలామంది కాలినడకన దాటారు. దారిలో ఆకలికీ కలరాకూ పోయినవాళ్ళు పోగా, ఇళ్ళకు చేరినవాళ్ళు ఆ నడకను తమ నోటితోనే చెప్పుకున్నారు. చెప్పే మనిషి బతికే ఉన్నాడు, ఎదురుగానే కూర్చున్నాడు. పాపయ్యకు జముకు కావాలి గానీ, ఏ రోజు ఎంత నడిచారో, ఏ వాగు దగ్గర ఎవరిని వదిలి వచ్చారో చెప్పాల్సిన ఈ కథకు కార్నీ లాగ్ పుస్తకమే దగ్గర.