చోక్ వైరు కాలుతోంది

నిజామాబాద్ దగ్గర మాక్లూర్‌లో రోడ్డు పక్క రేకుల షెడ్డు. ఫిబ్రవరి పొద్దు. పక్క చేన్లో పసుపు ఉడకబెడుతున్నారు, ఆ వాసన షెడ్డంతా కమ్ముకుంది. మీ ముందు 1972 మోడల్ అంబాసిడర్, మార్క్ 2. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ముందు చెరకు బండ్లు బారులు తీరిన కాలంనాటిది. బానెట్ కింద ఇంజను కొత్త రంగుతో మెరుస్తోంది.

సెల్ఫ్ మోటారుకు కొత్త బ్రష్‌లు, బుష్‌లు పడ్డాయి. వైండింగ్ కూడా కొత్తదే. బల్ల మీద గిర్రున తిరిగింది. బండికి ఎక్కించాక మూలుగుతోంది. ఊఁ... ఊఁ... టక్.

"అన్నా, సెల్ఫ్ మళ్లా ఇప్పుదామా?" పానా పట్టుకుని అడుగుతాడు పోరడు.

మీ చెయ్యీ అటే పోతుంది. ఆగండి. బల్ల మీద ఉత్తగా తిరగడం వేరు, 1489 సీసీ ఇంజన్ని తిప్పడం వేరు. దీనికి వంద ఆంపియర్లకు పైనే కరెంటు కావాలి. అది అందుతోందా?

మీటరు పెడతారు. బ్యాటరీ 12.6 వోల్టులు, నిండుగా ఉంది. స్టీరింగు పక్కనున్న గేరు రాడ్డును మీరే కదిపి న్యూట్రల్ చూసుకుంటారు. గేరులో ఉంటే బండి మీ మీదికే దూకుతుంది.

"కొట్టురా!"

బ్యాటరీ దగ్గర 11.4. మోటారు దగ్గర 7. మిగతా 4.4 వోల్టులు ఎటు పోతున్నాయి?

"మళ్లీ కొట్టు."

ఏదో వాసన. పసుపుది కాదు.

"అన్నా, పొగ!"

చోక్ వైరు. తొడుగు ఉబ్బుతోంది, కరుగుతోంది. డ్యాష్‌బోర్డు నుంచి వచ్చే దాని కొస కార్బురేటర్ దగ్గరుంది. అక్కడ పెట్రోలు.

"చెయ్యి తియ్!"

తీశాడు. మోటారు ఆగదు. సెల్ఫ్ స్విచ్ అతుక్కుపోయింది.

వైరు లాగాలా? చెయ్యి కాలుతుంది. బ్యాటరీ ఊడదీయాలి. ఏ పోలు? బాడీకి పోయేదే. రెండోది ఇప్పుతూ పానా బాడీకి తగిలిస్తే నిప్పులే. పానా అందుకుంటారు. ఒక చుట్టు. రాదు. ఇంకొకటి. లాగండి!

ఊడింది. మూలుగు ఆగింది. పొగ పైకి లేచి రేకుల కింద తేలుతోంది.

మీ గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. అంత సన్నని వైరులోకి అంత కరెంటు ఎలా వచ్చింది? వంగి చూస్తారు. ఇంజను రబ్బరు దిండ్ల మీద కూర్చుంటుంది, ఇనుము బాడీకి ఆనదు. మోటారులోంచి వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలంటే ఇంజన్ని బాడీకి కలిపే అల్లిక పట్టీయే అసలు దారి. ఆ పట్టీని నిన్న కొత్త రంగు మీదే బిగించారు. రంగు కరెంటును ఆపింది. ఇంజనుకూ బాడీకీ మధ్య ఇంకో ఇనుప దారి చోక్ వైరు. కరెంటంతా అందులోకి దూరింది.

ఆ అందమైన రంగును గీకుతుంటే ప్రాణం ఉసూరుమంటుంది. అయినా తెల్లటి ఇనుము తేలేదాకా గీకుతారు. పట్టీ కొసలు రుద్ది బిగిస్తారు. పోరడు నిజామాబాద్ పోయి కొత్త స్విచ్, కొత్త చోక్ వైరు తెస్తాడు.

మధ్యాహ్నం. మీటరు ఒక కొస బ్యాటరీ ఎర్తు పోలు మీద, ఇంకో కొస ఇంజను ఇనుము మీద. గేరు న్యూట్రల్.

"కొట్టు."

మీటరులో 0.2. సెల్ఫ్ గిర్రున తిప్పింది. ఇంజను అందుకుంది.

మీరు చెయ్యి చాచి చోక్ వైరును పట్టుకుంటారు. చల్లగా ఉంది.